గోలు కాసిన తంగరాజ్

(వాడ పిల్లల ఆటల పోటీ ముగింపు సభలో చేసిన ప్రసంగం)



ఊరి బడి మైదానంలో మన పిల్లల పనేమిటో మనకెరుకే. ఆడేది వాళ్లు, ముళ్లకంపలో పడ్డ బంతి ఏరుకొచ్చేది మనోళ్లు. ఎప్పుడన్నా ఆడనిస్తే గోలులో నిలబెడతారు. ఆపితే మెప్పు లేదు, వదిలితే తిట్లు.

ఆ గోలులోనే నిలబడి దేశం పరువు కాసిన మనిషి పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాదులో పుట్టాడు. సికింద్రాబాదులో మార్నింగ్ స్టార్ క్లబ్బుకు ఆడి, సైన్యంలో మద్రాస్ రెజిమెంటుకు పోయాడు. ఆటకు జీతం లేని కాలమది. సిపాయి కొలువే కూడు పెట్టింది. 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. స్టేడియమంతా మనవాళ్లకు ఎదురుగా అరుస్తున్నా గోలు కాశాడు. దక్షిణ కొరియాపై 2-1తో బంగారు పతకం మనకే వచ్చింది. 1967లో అర్జున అవార్డు ఇచ్చారు.

ఆయనదే కులమని మేం అడగడం లేదు. ఆయనకు మైదానం దొరికింది, నమ్మిన గురువు దొరికాడు. ఆ గురువు రహీం సాబ్ హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవాడే. మేమూ పంతుళ్లమే. మన పిల్లలు బంతి ఏరుతుంటే ఎన్నో ఏళ్లు చూసి ఊరుకున్నాం. ఆ తప్పు మాది.

బడి మైదానం సర్కారుది, అంటే మనది కూడా. రేపట్నుంచి మన పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఆడడానికే పోవాలి. ఎవరడ్డమొచ్చినా ముందు మేం నిలబడతాం.

జై భీం!