అడవి గడియారం



సెలవులొస్తే పిల్లలు ఊరుకోరు. కారులో వెళ్దాం, కొండలూ జింకలూ ఫోటోలు తీద్దాం అంటారు. ఎక్కడికన్నది ఎవరు తేల్చినా, ఎప్పుడు బయలుదేరాలన్నది మాత్రం మన వంటిల్లే తేలుస్తుంది. పులిహోర కలిపి, పూరీలు వేయించి, దిల్‌సుఖ్‌నగర్‌లో కారెక్కేసరికి తొమ్మిదవుతుంది. ఎల్.బి.నగర్ చౌరస్తా రద్దీ దాటి అడవి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. జంతువులన్నీ నీడన పడుకుని ఉంటాయి. నడినెత్తి ఎండలో కొండలు కూడా కళ తప్పి కనిపిస్తాయి. అందుకే నా మనవి, ఆ ఒక్కరోజు అడవి గడియారం చూసుకుని బయలుదేరండి.

ముందు మన పెరట్లాంటి చోట చేయి తిప్పుకోవచ్చు. ఎల్.బి.నగర్ దాటగానే, విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది కదా. 1994లో దానికి జాతీయ వనం హోదా వచ్చింది. అక్కడి కృష్ణజింకల్లో మగదానికి వీపు నలుపు, పొట్ట తెలుపు. ఆ రెండు రంగులూ ఒకే బొమ్మలో చెడకుండా తీయగలిగితే, సగం విద్య పట్టుబడినట్టే.

తరువాత నల్లమల. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే, కల్వకుర్తి, డిండి మీదుగా ఏడింటికల్లా మన్ననూరు చేరవచ్చు. అక్కడినుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఏటవాలు ఎండలో రాళ్లకూ చెట్లకూ నీడలు పడి, ఫరహాబాద్ కొండ మీదినుంచి లోయ మడతలు మడతలుగా కనిపిస్తుంది. వానాకాలంలో సఫారీ ఉండదు కనుక, వెళ్లేముందే అటవీశాఖవారిని కనుక్కోండి. జంతువుల క్షేమం కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారిలో వాహనాలను వదలరు. తిరుగు ప్రయాణానికి ఆ లెక్క మరవకండి.

తిండి మాటా? రాత్రే చేసుకున్న చపాతీలు, పెరుగన్నం, అరటిపళ్లు చాలు. వంటింటినుంచి తీసుకెళ్లాల్సింది ఇంకొకటుంది. కిలో బియ్యం పోసి నోరు గట్టిగా కుట్టిన గుడ్డసంచి. ఇంజను ఆపి, కారు కిటికీ అంచున ఆ సంచి పెట్టి, దానిమీద కెమెరా ఆనించండి. చేయి వణకదు, బొమ్మ చెదరదు.

ఇక అసలు సంగతి. బొమ్మ బాగా రావాలని కోతులకు అరటిపండు విసురుతాం. అది దయ కాదమ్మా. రుచి మరిగిన కోతి చెట్టు దిగి, రోడ్డు పక్కనే కాచుకు కూర్చుంటుంది. వెనకాల వచ్చే లారీకి దాని రుచితో పనేముంది? పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లి చక్రాల కింద పడుతుంది. హారన్ కొట్టి లేడిని లేపడం, కారు దిగి దగ్గరికి వెళ్లడం కూడా అలాంటివే. అక్కడ కాపురముండే చెంచువారినీ అడగకుండా ఫోటో తీయకూడదు. మన గుమ్మంలోకి ఎవరో వచ్చి తీస్తే ఒప్పుకుంటామా?

జంతువు కనబడకపోతే ప్రయాణం దండగనుకోకండి. డిండి చెరువు నీళ్లమీది పొద్దుటి వెలుగు, తీగమీద వాలిన పాలపిట్ట చాలవా? ఇంకొక్క మాట. డబ్బాలు సర్దే పని పిల్లలకు అప్పగించి, కాసేపు కెమెరా మీరు పట్టుకోండి. పాలు పొంగే క్షణం కనిపెట్టే కన్ను మనది. లేడి తలెత్తే క్షణాన్నీ కనిపెడుతుంది.

సెలవు.