బండారం బయటపడుతుందనే భయం

మంచి ర్యాంకు వస్తే "పేపరు తేలిగ్గా ఇచ్చారు", ఉద్యోగం వస్తే "ఏదో అదృష్టం" అనే మనుషులు మీకు తెలిసే ఉంటారు. అది వినయమనుకుంటాం. కొందరిలో మాత్రం అది భయం, ఎప్పుడో ఒకరోజు తమ బండారం బయటపడుతుందని.

1978లో అమెరికాలో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనికి ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టారు. 150 మందికి పైగా మహిళలను గమనించి రాశారు. వాళ్లలో డాక్టరేట్లు ఉన్నవాళ్లూ, తమ రంగంలో పేరున్నవాళ్లూ ఉన్నారు. ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటుంటాం గానీ, సిండ్రోమ్ అన్న మాట తర్వాత జనం తగిలించినదే.

ఆ ఇద్దరూ సూచించిన ఒక పని నాకు భలే నచ్చింది. ఎవరైనా మెచ్చుకుంటే ఆ మాట రాసుకోవాలి. దాన్ని మనం ఎలా తోసిపుచ్చామో కూడా పక్కనే రాయాలి. పది రోజులు రాస్తే, మనం చెప్పే సాకులు మనకే నవ్వు తెప్పించవచ్చు.

ఈ భయాన్ని నలుగురిలో చెప్పుకోవడమూ మేలన్నారు. సముద్రం ముందు మౌనంగా కూర్చున్న హనుమంతుడికి ఆయన బలం గుర్తుచేయడానికి జాంబవంతుడు కావలసి వచ్చాడు కదా! మనకు పక్క సీటు సహోద్యోగి చాలు. టీ తాగుతూ కదిపి చూడండి. "మీకూ అంతేనా?" అని ఆయనే ఎదురు అడగవచ్చు.