ట్రాక్టరు రిమ్ముకు తుప్పు పట్టకముందే



మద్దతు ధర గురించో, కౌలు కార్డుల గురించో మాట్లాడతామని వచ్చిన మీకు చక్రాల రంగు ముచ్చట వింతగానే ఉంటుంది. కానీ బండి కిస్తీ కట్టేది మనమే, రిమ్ము పోతే కొత్తది కొనేదీ మనమే.

మా ఊళ్లో నలుగురం కలిసి ఒక పాత ట్రాక్టరు కొన్నాం. ఇంజను చూశాం, టైర్లు చూశాం. రిమ్ములకు కొత్తగా కొట్టిన వెండి రంగు చూసి మురిసిపోయాం. రెండో ఏడు దమ్ముల్లో వెనక చక్రం ట్యూబు మాటిమాటికీ పంక్చరే. టైరు విప్పిస్తే వాల్వు కన్నం చుట్టూ ఇనుము పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆ పెచ్చులే ట్యూబును కోస్తున్నాయి. తుప్పు మీదే రంగేసి మాకు అంటగట్టారు. అమ్మినవాణ్ణి తిట్టుకున్నాం గానీ, ఆ రెండేళ్లలో మేమూ ఒక్కసారి చక్రాలు సరిగా కడిగిన పాపాన పోలేదు.

రిమ్ముకు కింద ప్రైమరు, పైన రంగు ఉంటాయి. ఆ పొర ఉన్నంతకాలం ఇనుముకు నీరు తగలదు. దమ్ము చక్రాలు బిగించేటప్పుడో, రాయి తగిలో ఒక గీత పడుతుంది. తడి అక్కడ దూరి రంగు కిందుగా పాకుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద బొబ్బ లేస్తుంది. బురద ఎండి అట్టకడితే దాని వెనక తడి రోజుల తరబడి ఆరదు. ఎరువుల లోడు ఇంకా ప్రమాదం. మనం చల్లే ఎర్ర పొటాషు ఒక రకం ఉప్పే. సముద్రం వారన, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్ల సంగతి వేరే చెప్పాలా?

దమ్ము అయిన రోజే మంచి నీళ్లతో కడగండి. చక్రం లోపలి వైపు, వాల్వు దగ్గర, బోల్టుల సందుల్లో చెయ్యిపెట్టి తుడవండి. గీత కనబడితే ఎమరీ కాగితంతో మెరిసే ఇనుము వచ్చేదాకా రుద్ది, రెడాక్సైడు పూసి, ఆరాక రంగు వెయ్యండి. అరగంట పని. బొబ్బలు లేచిన చోట గోకితే ఎంతదూరం ఊడితే అంతదూరం తియ్యాల్సిందే. గ్రైండరుకు వైరు బ్రష్షు పెట్టుకుంటే తొందరగా అవుతుంది, కళ్లద్దాలు మాత్రం మరవద్దు. రంగు మందంగా ఒక్కసారి కాదు, పలచగా రెండుసార్లు. ముసురు రోజున అసలు ముట్టుకోవద్దు.

బాత్రూం యాసిడ్‌తో తుప్పు వదిలించేవాళ్లు ఉన్నారు. అప్పటికి తెల్లగా వస్తుంది, సందుల్లో మిగిలిన యాసిడ్ మళ్లీ తుప్పు తెస్తుంది. కాలిన ఆయిలు పూయడం ఇంకో అలవాటు. అది టైరు రబ్బరును పాడుచేస్తుంది, ఆ తర్వాత ఏ రంగూ అంటదు.

నట్టు కూర్చునే చోట, రిమ్ము హబ్బుకు ఆనే చోట మందంగా రంగు వెయ్యకండి. బండి నడిచేకొద్దీ ఆ రంగు నలిగి నట్లు వదులవుతాయి. చక్రం బిగించి ఒక పూట పనిచేశాక మళ్లీ బిగించి చూడాలి.

ఈ ఒక్కటి గట్టిగా చెబుతున్నాం. రిమ్ము పగిలిందని టైరు ఉండగా వెల్డింగు పెట్టనివ్వకండి. గాలి తీసేసినా సరే, వేడికి లోపల ఆవిర్లు పుట్టి టైరు బాంబులా పేలుతుంది. మా రిమ్ముకు కూడా మేస్త్రి అలాగే మొదలుపెట్టబోతే, మాలో పెద్దాయన గన్ను లాక్కున్నాడు. ఆ రోజు మేమంతా ఆయన మీద విసుక్కున్నాం.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్లు, ట్యూబులు, వెనక రిమ్ముల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవాళ్లు బిల్లులో ఆ రేటే వేశారో లేదో చూసుకోండి. ఆ రిమ్మును కాపాడే రంగు మీద మాత్రం ఇంకా 18 శాతమే! దీన్ని మన కోర్కెల పత్రంలో చేర్చాలని మా గ్రామశాఖ తీర్మానం పంపుతోంది.

గ్రైండరు, వైరు బ్రష్షులు మేము చందాలేసుకుని కొన్నాం, సంఘం గదిలో ఉంటాయి. పక్క ఊళ్లవాళ్లయినా తీసుకెళ్లొచ్చు, బ్రష్షు అరిగితే కొత్తది తెచ్చిపెట్టండి.