కొట్టివేయరాని అంకె
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను గ్రామ లెక్కలు వ్రాయువాడను. నాకు గురువులు లేరు. ఈ గ్రంథాలయమే నా బడి. పావులూరి మల్లన తెనిగించిన గణితగ్రంథమును గూర్చి తెలిసికొన్నది ఇచ్చటనే. ఇన్నేండ్ల లెక్కలు నాకు నేర్పిన నీతి యొక్కటే: సరిపడని అంకెను కొట్టివేయరాదు; అది యెందుకు వచ్చినదో విచారింపవలెను. కలుపుమందుల శాస్త్రమునందు ఈ నీతి యెట్లు ఫలించినదో నేడు మనవి చేసెదను.

శాస్త్రజ్ఞులు కుండీలలో మొక్కలు పెంచి, వేర్వేరు మోతాదులలో మందు చల్లి, పిదప మొక్కలను కోసి తూచెదరు. ఆ తూకములను కాగితముపై గుర్తించినచో ఒక వక్రరేఖ యేర్పడును. మందు తగులని మొక్క తూకము, మిక్కిలి మందు తగిలిన పిమ్మట మిగులు తూకము, ఆ రెంటి నడిమికి దింపు మోతాదు, రేఖ వాలు - ఈ నాలుగంకెలతో రేఖ నిర్ణయమగును. అది దిగుటయే కాని పైకెక్కుట యెరుగదు.

అయితే అత్యల్పముగా మందు తగిలిన మొక్క కొన్ని మారులు మందు తగులని మొక్కకంటె ఎక్కువ తూగుచుండెను! తూకము తప్పినదని త్రోసివేయుట సులభము. కాని యీ వింత క్రొత్తది కాదు. 1888లో జర్మనీ దేశమున హ్యూగో షుల్జ్, స్వల్పమైన విషము తగిలిన ఈస్టు మరింత చురుకుగా పనిచేయుట గమనించెను. 1943లో అమెరికాలో సౌథామ్, ఎర్లిక్ అనువారు ఎర్రసెడారు చెట్టు చేవనుండి తీసిన సారమును శిలీంధ్రములపై పరీక్షించి, యీ ధర్మమునకు హార్మెసిస్ అని పేరిడిరి.

1989లో బ్రెయిన్, కజెన్స్ అను నిరువురు పాత సమీకరణమునకు ఐదవ అంకెను చేర్చిరి. అది అల్పమోతాదున కలుగు పెరుగుదలకు జమపద్దు వంటిది. అది సున్న యైనచో పాత రేఖయే మిగులును. నిశ్చయముగా సున్నకంటె ఎక్కువైనచో రేఖ మొదట చిన్న మూపురమెత్తి పిదప దిగును. ఈ నిశ్చయమునకు జాగ్రత్త కావలెను. మందు తగులని కుండీలైనను సమానముగా తూగవు. కనుక వానిని పెక్కింటిని ఉంచవలెను. అల్పమోతాదులనే పెక్కు మెట్లుగా పరీక్షింపవలెను. లేనిచో యాదృచ్ఛికమును ధర్మమని భ్రమించెదము.

అట్లయినచో కొంచెము కలుపుమందు పైరుకు బలమా? తొందరపడకుడు. 2008లో బ్రెజిలు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరీక్షలలో స్వల్పమైన గ్లైఫోసేటు మొక్కజొన్నను పెంచినది. ఒక కలుపు మొక్కను సైతము పెంచినది! పైగా లేతమొక్క తూకము వేరు, గాదెకు చేరు గింజ వేరు. మందును బట్టి, మొక్కను బట్టి మూపురము మారును. దానిని దాటినచో పతనమే.

నా కథయే వినుడు. ఒక యేట వరిలో 2,4-డి కొట్టిన పంపును సరిగా కడుగక ప్రత్తికి వాడితిని. అడుగున మిగిలిన కొంచెమే గదా అనుకొంటిని. ఆకులు వ్రేళ్లవలె సన్నబడి ముడుచుకొనినవి; ఆ యేటి కౌలుకైనను పంట చాలలేదు. ఆ తప్పు నాదే.

కాబట్టి మూపురము తెలిసికొనుటకే గాని చల్లుటకు గాదు. చెప్పిన మోతాదునే వాడుడు. చాలీచాలని మందు కలుపునే పోషింపవచ్చును. పంపును శుభ్రముగా కడుగుడు. ఇక మన గ్రంథాలయపు జమాఖర్చులలో సరిపడని అంకె కనబడినచో కొట్టివేయక నన్ను పిలువుడు. ఇరువదియైదేండ్లు వెలిగిన యీ దీపము నూరేండ్లు వెలుగుగాక!