కాళ్లతో కలకబెట్టిన నీళ్లు

ఈ దినము యెహెజ్కేలు గ్రంథము 34వ అధ్యాయము 18, 19 వచనములను ధ్యానించుకుందాము. మీ దగ్గర బైబిలు ఉంటే తెరవండి.

అక్కడ దేవుడు బలిసిన గొర్రెలను నిలదీస్తున్నాడు. అవి తేట నీళ్లు కడుపునిండా తాగాయి. అంతటితో ఊరుకోక, మిగిలిన నీళ్లను కాళ్లతో కలకబెట్టాయి. వెనుక వచ్చిన బక్క గొర్రెలకు బురదే మిగిలింది.

మద్యము అనగానే మనము తాగేవాని గురించి, వాని ఇంట్లో కన్నీళ్ల గురించి మాట్లాడతాము. అది అవసరమే. కానీ ఆ సీసా తయారయ్యే చోట బ్రతికేవారి సంగతి ఏమిటి? మొలాసిస్ నుండి ఒక లీటరు ఆల్కహాలు తీస్తే సుమారు 8 నుండి 15 లీటర్ల వ్యర్థజలము మిగులుతుంది. ఆ నల్లని నీరు శుద్ధి కాకుండా చెరువులో కలిస్తే, నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు చస్తాయి.

పంజాబులో జీరా అనే పట్టణము ఉన్నది. 2022 జూలైలో ఆ ప్రాంతపు గురుద్వారాలో బోరు వేస్తే సారా వాసన కొట్టే నీళ్లు వచ్చాయి. గ్రామస్థులు దగ్గరలోని డిస్టిలరీ గేటు ముందు బైఠాయించారు. తమ తప్పేమీ లేదని యాజమాన్యము అన్నది. ఎముకలు కొరికే చలిలోనూ రైతులు కదలలేదు. 2023 జనవరిలో ముఖ్యమంత్రి దాని మూసివేతకు ఆదేశించారు. బక్క గొర్రెల మొర వినబడింది!

రెండవ సంగతి వినండి. బ్రిటన్‌లోని బ్రూడాగ్ అనే బీరు కంపెనీ, తాము వదిలే కార్బన్‌కు రెండింతలు గాలిలోనుండి తీసివేస్తామని 2020లో ప్రకటించింది. స్కాట్లాండు కొండల్లో వేల ఎకరాలు కొని అడవి పెంచుతామన్నది. నాటిన సుమారు 5 లక్షల మొక్కలలో దాదాపు సగము చనిపోయినట్లు 2024లో బయటపడింది. ఎండల వలన అన్నారు. అదే ఏడు ఆ ప్రకటనను మానుకున్నారు. 2025లో ఆ భూమినే అమ్మేశారు.

మొక్క ఎండిపోవడము పాపము కాదు. చెట్టు ఎదగకముందే దాని నీడను అమ్ముకోవడము మోసము. సున్నము కొట్టిన సమాధుల గురించి ప్రభువు మత్తయి 23లో చెప్పెను గదా! ఇప్పుడు సున్నము పచ్చరంగుకు మారింది, అంతే.

సహోదరీ సహోదరులారా, మద్యపు వ్యాపారి మీ ఊరి బడిలో మొక్కలు పంచితే, చప్పట్లు కొట్టేముందు అతని కర్మాగారపు కాలువ ఎటు పారుతుందో వెళ్లి చూడండి. నీళ్లు పాడైన గ్రామము మొరపెడితే, వారి మతమేదని అడగక వారి ప్రక్కన నిలబడండి. మందిరము ముందు మొక్క నాటి ఫొటో దిగిన సంఘము, వేసవిలో దానికి నీళ్లు పోస్తున్నదా అని కూడా చూసుకోండి. తీర్పు దేవుని ఇంటియొద్దనే మొదలవుతుంది.

అదే 34వ అధ్యాయములో దేవుడు తానే కాపరియై గొర్రెకు గొర్రెకు మధ్య తీర్పు తీరుస్తానంటున్నాడు. ఆయన లేబులు చూడడు, నీళ్లు చూస్తాడు.

ప్రార్థించుకుందాము. తండ్రీ, మా తరువాత తాగేవారికి తేట నీళ్లు మిగిల్చే మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున, ఆమేన్.