ఆకోరు లోయలో ఒక ద్వారం



హోషేయ గ్రంథము 2వ అధ్యాయం 15వ వచనంలో దేవుడు ఒక ఆశ్చర్యకరమైన వాగ్దానం చేశాడు. ఆకోరు లోయను నిరీక్షణకు ద్వారంగా మారుస్తానన్నాడు. ఆకోరు అంటే శ్రమ. ఆకాను పాపం వలన ఇశ్రాయేలీయులు దుఃఖపడిన చోటు అది. యెహోషువ 7వ అధ్యాయంలో ఆ సంగతి చదువుతాము. గమనించండి, ఆ లోయను తప్పించి వేరే దారిన తీసుకుపోతానని దేవుడు అనలేదు. ఆ లోయలోనే తలుపు తెరుస్తానన్నాడు.

అటువంటి తలుపు ఒకటి మన సీమలోనే తెరుచుకుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం మీలో చాలామందికి తెలుసు. వాన చాలని మెట్ట నేల, పొడి గాలి, చుట్టూ బండరాళ్ల కొండలు. ఆ నేలను చూసి మన రైతులు ఎన్ని తరాలుగా నిట్టూర్చారో! అయితే పైరుకు పనికిరాని ఆ పొడి గాలే క్షయరోగికి మేలు చేస్తుందని ఆనాటి వైద్యులు తలంచారు. ఆ ప్రాంతం చిత్తూరు జిల్లాలో ఉన్న ఆ కాలంలో, 1915లో, అనేక మిషన్లు ఏకమై అక్కడ క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రీమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంటు.

అప్పట్లో క్షయను చంపే మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారం, ఇవే ముఖ్యమైన వైద్యం. వచ్చినవారందరూ బ్రతకలేదు. అయినా తలుపు మూయలేదు. ఆ జబ్బు పేరు వింటేనే అయినవారు కూడా దూరం జరిగే రోజుల్లో, రోగికి అక్కడ ఒక మంచం, ఒక పలకరింపు దొరికాయి.

తరువాత మంచి మందులు వచ్చాయి. ఇంటి దగ్గరే మందులు వాడినా క్షయ నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన చూపించింది. రోగులకు అది శుభవార్త. శానిటోరియంలకు మాత్రం ఇక పనేమిటి అనే ప్రశ్న. ఆరోగ్యవరం ఆ ప్రశ్న దగ్గర ఆగిపోలేదు. అన్ని జబ్బులకూ వైద్యం చేసే ఆసుపత్రిగా మారింది.

ప్రియులారా, రోగం మంచిదని, కరువు మంచిదని దేవుని వాక్యం ఎక్కడా చెప్పదు. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు విడిచాడు. విశ్వాసమంటే బాధను కాదనడం కాదు. "ప్రభువా, ఈ బాధలో నాకు నీవు చూపే పని ఏది?" అని అడగడం. మంచం పట్టిన తల్లి పొరుగింటి బిడ్డ కోసం ప్రార్థించవచ్చు. వేరుశనగ పంట పోగొట్టుకొన్న రైతు, అదే నష్టంలో కుమిలిపోతున్న మరో రైతు పక్కన కూర్చోవచ్చు. అతని మాటను అతడు నమ్ముతాడు, ఎందుకంటే ఇద్దరి కన్నీరూ ఒకటే. ఆ తలుపు మీకోసమే కాదు, మీ వెనుక వచ్చేవారి కోసం కూడా తెరుచుకుంటుంది.

ప్రార్థన చేసుకుందాం. కనికరముగల తండ్రీ, శ్రమల లోయలో నడుస్తున్న నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకొనుము. ద్వారం కనబడనివారికి నీ చెయ్యి అందించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.