బడికి చందా సరే, బడిలో భాష ఎవరిది?

(ఆదిలాబాద్ అడవి ఊర్ల బడులకు తోడ్పడేందుకు ఉద్యోగులు, విద్యార్థులు కొండగట్టులో పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గుట్టకు జనం మొక్కులు చెల్లించుకోవడానికి వస్తరు. మీరు చందా పుస్తకం పట్టుకొని వచ్చిండ్రు. సంతోషం. జీతంలోంచి నెలకు ఇంత తీసి అడవి ఊర్ల బడులకు పంపుతమని ఉద్యోగులు, సెలవుల్లో పోయి పాఠాలు చెప్తమని ఇంజనీరింగు చదివే పిల్లలు ముందుకొచ్చిండ్రు. అయితే ఈ పైసలు దేనికి ఖర్చు పెట్టాలన్నదాని మీద నాకో పేచీ ఉన్నది. అది చెప్పుకుందామనే వచ్చిన.

మామూలుగా ఏం జరుగుతది? సంచులు, పలకలు, ప్లేట్లు, బెల్టులు కొంటరు. జీపేసుకొని పోతరు. పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఫోటో దిగి పొద్దుగూకే లోపల వాపసు వస్తరు. సంచి చెడ్డదని కాదు. సంచి భుజానికేసుకొని పిల్ల బడికి పోతది, అక్కడ సారు మాట్లాడేది ఆమెకు అర్థం కాదు. మూడు నెలలకు సంచి ఇంట్లో చిలుక్కొయ్యకు వేలాడుతది, పిల్ల మేకల వెంట ఉంటది.

మన జిల్లాల్లోనే దీనికి ఒక పాత జవాబు ఉన్నది. అది మార్లవాయి.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయినంక నిజాం సర్కారుకు గోండుల సంగతి ఏందో తెలుసుకోక తప్పలేదు. ఆస్ట్రియాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త, ఆయన భార్య బెట్టీ వచ్చి మార్లవాయిలో గోండుల మధ్య గుడిసె వేసుకొని ఉన్నరు. ఇప్పుడు అది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం. భూమి పోవడం, జంగ్లాతోళ్ల జులుం, షావుకారు అప్పు, ఏ కాగితంలో ఏమున్నదో చదువుకోలేని స్థితి, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నయని వాళ్లు చూసిండ్రు. 1943లో అక్కడే గోండు విద్యా పథకం మొదలయింది.

ఆ పథకం చేసిన మొదటి పని పిల్లలను చేర్చుకోవడం కాదు, పంతుళ్లను తయారుచేయడం. చదువొచ్చిన గోండులు జిల్లా మొత్తంల వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. మరాఠీ అక్షరాలు అంతో ఇంతో వచ్చినోళ్లను ఏరుకొచ్చి, మార్లవాయిలో శిక్షణ ఇచ్చి, వాళ్లనే ఊర్లకు పంతుళ్లుగా పంపిండ్రు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చేసిండ్రు. ముందు పిల్ల తన మాట తాను చదువుకుంటది, ఆ తర్వాతనే పక్క భాష. అంతటితో ఆగలేదు. ఆ శిక్షణలో నుంచే పట్వారీలు, ఫారెస్టు గార్డులు కూడా తయారయిండ్రు. అంటే నిన్నటిదాకా ఎవని కాగితానికి భయపడ్డరో, ఆ కాగితం రాసే కలం గోండు చేతికి వచ్చింది. చదువంటే గది.

ఇదేమో సర్కారు పైసలతో నడిచిన పథకం, మనది చిన్న చందా, రెండూ ఒకటెట్లయితయని మీరు అడగొచ్చు. బంగ్లాదేశ్ల బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1985లో 22 ఒంటిగది బడులతో మొదలుపెట్టింది. ఒక గది, ఒక పంతులమ్మ, ముప్పై మంది చిల్లర పిల్లలు. పంతులమ్మ చాలావరకు ఆ ఊరి ఆడమనిషే. ఆ తర్వాత అవి వేల బడులయినయి. ఆ దేశం వేరు, మన అడవి వేరు. కానీ చిన్నగ మొదలుపెట్టినోళ్లు కూడా పైసలు మొదట మనిషి మీద పెట్టిండ్రు, వస్తువు మీద కాదు.

మరి మార్లవాయి పని ఏమయింది? 1948లో నిజాం పాలన పోయింది. 1956లో రాష్ట్రాలు మారినయి. కిన్వట్, రాజురా బొంబాయి రాష్ట్రానికి పోయినయి, మిగిలిన ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌ల కలిసింది. గోండు పిల్లకు అటు పక్క మరాఠీ, ఇటు పక్క తెలుగు. గోండి వాచకాలు మూలకు పడ్డయి. అదే 1956లో, ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పాలని 350ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది. ఒకే ఏడాది ఒక చేత్తో రాసి ఇంకో చేత్తో తుడిచినట్టయింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్ర సర్కారు గోండి, కొలామి, కోయ, బంజారాతో కలిపి ఎనిమిది భాషల్లో మళ్లీ వాచకాలు తెచ్చింది. అదీ నిలదొక్కుకోలేదు.

ఇక్కడ మనల్ని మనం ఒక మాట అడుక్కోవాలె. మన యాసను సినిమాల్లో రౌడీకి, జోకరుకు పెట్టిండ్రని మండిపడ్డోళ్లం మనం. పాఠ్యపుస్తకంలో మన మాట లేదని, క్లాసుల నోరు తెరిస్తే నవ్విండ్రని ఉద్యమం చేసినోళ్లం. రాష్ట్రం వచ్చినంక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకున్నం. మరి గోండు పిల్ల సంగతి? గోండిలో ‘ఏర్’ అంటే నీళ్లు. ‘రోన్’ అంటే ఇల్లు. పుస్తకంలో కుండ బొమ్మ చూపి ఇందులో ఏమున్నయంటే ఆ పిల్ల ‘ఏర్’ అంటది. మన తెలుగులో ఏరంటే వాగు. తప్పు చెప్పినవని సారు కూర్చోబెడ్తడు. ఆ సారు కరీంనగరోడు కావచ్చు, మన యూనియన్ సభ్యుడే కావచ్చు. ఆ పిల్లకు ఆ పూట ఆంధ్రోడు మనమే.

ఈ మాట కొంతమందికి రుచించదని తెలుసు. రుచించకపోయినా ఇంకో మెట్టు ఎక్కుత. 1985 నాటి 610 జీవో కోసం ఉద్యోగ సంఘాలు ఎంత కొట్లాడినయో మీకు నేను చెప్పనక్కర లేదు. మా కొలువులు మా స్థానికులకు అన్నం. 2000 జనవరిలో వచ్చిన 3 నంబరు జీవో ఏజెన్సీ ప్రాంతంలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. మార్లవాయిలో 1943లో మొదలయిన ఆలోచనే అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు పాళ్ల రిజర్వేషన్ చెల్లదన్నది. కోర్టు తీర్పు సంగతి వకీళ్లు చూసుకుంటరు. నేను అడిగేది మన సంగతి. 610 కోసం రోడ్డెక్కినోళ్లల్ల ఎంతమంది దాని గురించి ఒక్క తీర్మానమన్న చేసిండ్రు?

చందా పైసలకు ఇంకో ప్రమాదం కూడా ఉన్నది. మీరు ఒక ఊరికి మీ ఖర్చుతో వాలంటీరును పెడ్తరు. బడి నడుస్తుంది గదా అని ఆఫీసుల అక్కడి ఖాళీని ఖాళీగానే ఉంచుతరు. విద్యా వాలంటీర్ల పేరుతో సర్కారు చేసింది కూడా అదే, జీతం ఇయ్యాల్సిన చోట గౌరవ వేతనంతో సరిపెట్టింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం బడిని సర్కారు బాధ్యత చేసింది. బోధన వీలైనంతవరకు పిల్ల మాతృభాషలో ఉండాలని 29వ సెక్షనులో రాసి ఉన్నది. కాబట్టి మీరు పెట్టే మనిషి సారుకు బదులు కావద్దు, సారుకు తోడు కావాలె. సారు పోస్టు ఖాళీ ఉంటే ప్రతి నెలా ఒక దరఖాస్తు మండల విద్యాధికారికి, ఒకటి ఉట్నూరు ఐటీడీఏకు పోవాలె. రశీదు తీసుకొని దాచాలె. ఉద్యోగులకు ఫైలు ఎట్ల కదులుతదో తెలుసు, ఆ తెలివి చందా కన్నా ఎక్కువ పనికొస్తది.

ఇంజనీరింగు పిల్లలకు కూడా పని ఉన్నది. నార్నూరు దగ్గరి గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే కంప్యూటర్ల కొట్టొచ్చు, అచ్చేయొచ్చు. దేశంలో గోండి మాట్లాడేటోళ్లు 2011 లెక్కల్లో 29 లక్షల పైమాటే, అయినా ఆ భాష ఎనిమిదో షెడ్యూలులో లేదు. ఊరి ముసలోళ్లు చెప్పే కథ ఒకటి గోండిలో, పక్కనే తెలుగులో, పదహారు పేజీల్లో వేయండి. ఏ లిపిలో వేయాలన్నది మాత్రం మీరు తేల్చొద్దు. తెలుగు లిపా, దేవనాగరా, గుంజాలదా అన్నది ఆ ఊరి పెద్దలు, అక్కడి పంతుళ్లు తేలుస్తరు.

ఇంతకూ నా లెక్క ఇది. పది బడులొద్దు, రెండు చాలు. ఒక్కో ఊరికి ఆ ఊరిదే, ఇంటర్ అయినా చదివిన ఒక ఆడపిల్లను పెట్టండి. ఆమె పైసలు ఒకటో తారీఖున పడాలె, మీ జీతం పడ్డట్టే. ఒక ఏడాది సరిపడా సొమ్ము ముందే జమ కాకపోతే మొదలుపెట్టొద్దు. నడుమ వదిలేసిన బడి కన్నా పెట్టని బడి నయం.

బెట్టీ 1987 జనవరి 11న చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేసిండ్రు. ఏటా ఆ రోజు చుట్టుపక్కల ఊర్లోళ్లంతా అక్కడికి వస్తరు. ఏ రెండు ఊర్లన్నది ఇక్కడ కూర్చొని ఖాయం చేయొద్దు. ఆ రోజు పోదాం, వాళ్లనే అడుగుదాం. కెమెరాలు ఇంట్ల పెట్టి రండ్రి.